వర్చువల్ మెషిన్‌లో నెట్ రాకపోతే... ల్యాబ్‌లు నేర్పాల్సిన పాఠం

ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ చక్కగా పనిచేస్తోంది. వీడియోలు ఆగకుండా నడుస్తున్నాయి, మెయిల్ తెరుచుకుంటోంది. అదే ల్యాప్‌టాప్‌లో ఒక విండోలో నడుస్తున్న లినక్స్ వర్చువల్ మెషిన్‌లో మాత్రం ఒక్క వెబ్‌పేజీ కూడా రావడం లేదు. కంప్యూటర్ సైన్స్ చదివే విద్యార్థుల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య ఇది.

ఆ తర్వాత జరిగేది కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. మొదట మెషిన్‌ను రీస్టార్ట్ చేస్తారు. ఎక్కడో దొరికిన నాలుగు కమాండ్లను అర్థం చూడకుండా అతికిస్తారు. నెట్‌వర్క్ సెట్టింగ్‌ను ఒక రకం నుంచి మరో రకానికి మారుస్తారు. ఫైర్‌వాల్ ఆపేస్తారు. చివరికి మెషిన్ మొత్తాన్ని తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు! ఒక్కోసారి నెట్ వస్తుంది కూడా. కానీ ఎందుకు పోయిందో, దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. వారం తర్వాత అదే సమస్య వస్తే మళ్లీ అదే తంతు.

ఈ అలవాటును కంప్యూటర్ విద్య తేలిగ్గా తీసుకోకూడదు. వర్చువల్ మెషిన్‌లో నెట్ ఆగిపోవడం నిజానికి ఎలాంటి ఖర్చూ లేకుండా దొరికే ప్రయోగశాల. పరికల్పన చేయడం, ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చి చూడడం, ఫలితాన్ని రాసుకోవడం అనే శాస్త్రీయ పద్ధతి మొత్తాన్ని అరగంటలో అనుభవంలోకి తెచ్చే అవకాశం అందులో ఉంది. లోపాన్ని ‘ఎలాగోలా’ తొలగించడానికి కాకుండా దాని కారణాన్ని కనిపెట్టడానికి ల్యాబ్‌లో సమయం, మార్కులు కేటాయించాలి.

ఒక యంత్రంలో మరో యంత్రం

వర్చువల్ మెషిన్ అంటే సాఫ్ట్‌వేర్‌తో నిర్మించిన కంప్యూటర్. అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అనీ, దానిలో నడిచే వర్చువల్ కంప్యూటర్‌ను గెస్ట్ అనీ పిలుస్తారు. గెస్ట్‌కు సొంత ఆపరేటింగ్ సిస్టమ్, సొంత డిస్క్, సొంత నెట్‌వర్క్ కార్డు ఉన్నట్టే కనిపిస్తాయి. అవన్నీ హోస్ట్‌లోని సాఫ్ట్‌వేర్ చూపించే ప్రతిరూపాలు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1960ల్లోనే అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఐబీఎం పరిశోధకులు సీపీ-40 అనే వ్యవస్థతో ఒకే పెద్ద కంప్యూటర్‌ను అనేక కంప్యూటర్లుగా పంచి చూపించారు. 1972లో ఐబీఎం వీఎం/370 వ్యవస్థను ప్రకటించింది. 1974లో గెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఒక కంప్యూటర్‌ను ఇలా వర్చువల్‌గా మార్చడానికి ఉండాల్సిన షరతులను గణితబద్ధంగా నిర్వచించారు. వ్యక్తిగత కంప్యూటర్లకు ఈ సౌకర్యం 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌తో విస్తృతంగా అందింది. 2007లో వచ్చిన వర్చువల్‌బాక్స్ ఉచితంగా దొరకడంతో విద్యార్థుల ల్యాప్‌టాప్‌ల వరకూ చేరింది. విండోస్‌ను కదిలించకుండా లినక్స్ నేర్చుకోవడానికి, నెట్‌వర్క్, సైబర్ భద్రత ప్రయోగాలు చేయడానికి ఇప్పుడు ఇదే సులువైన మార్గం.

గెస్ట్‌కు ఇంటర్నెట్ ఎలా అందుతుందన్నది తెలిస్తేనే అది ఎక్కడ తెగిందో తెలుస్తుంది. ఇందుకు ప్రధానంగా మూడు ఏర్పాట్లున్నాయి. వాటిని ఒక అపార్ట్‌మెంట్‌తో పోల్చవచ్చు.

మొదటిది నాట్. అపార్ట్‌మెంట్‌కు ఒకే గేటు, ఆ గేటు దగ్గర ఒక వాచ్‌మన్ ఉన్నట్టు ఊహించుకోవాలి. ఫ్లాట్‌లో ఉన్నవారు బయటికి ఉత్తరం పంపితే వాచ్‌మన్ దాన్ని తన పుస్తకంలో రాసుకుని అపార్ట్‌మెంట్ చిరునామాతో పంపుతాడు. జవాబు రాగానే పుస్తకం చూసి సరైన ఫ్లాట్‌కు చేరుస్తాడు. ముందు ఉత్తరం వెళ్లకుండా బయటివారు ఎవరైనా నేరుగా వస్తే లోపలికి రానివ్వడు. వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషిన్ తయారుచేస్తే మొదట వచ్చే ఏర్పాటు ఇదే.

రెండోది బ్రిడ్జ్. ఇక్కడ గెస్ట్ అపార్ట్‌మెంట్ వదిలి వీధిలో సొంత డోర్ నంబరుతో ఇల్లు కట్టుకున్నట్టు. కళాశాల లేదా ఇంటి నెట్‌వర్క్‌లో అదొక ప్రత్యేక కంప్యూటర్‌గా కనిపిస్తుంది. ఆ నంబరు ఇవ్వాల్సింది మాత్రం వీధిని నడిపేవారే.

మూడోది హోస్ట్-ఓన్లీ. ఇది ఇంటర్‌కమ్ లాంటిది. హోస్ట్, గెస్ట్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. బయటి ప్రపంచంతో సంబంధం ఉండదు. ఈ ఏర్పాటులో ఇంటర్నెట్ రాకపోవడం లోపం కాదు, ఆ ఏర్పాటు ఉద్దేశమే అది.

బల్బు వెలగకపోతే ఇల్లు మొత్తం వైరింగ్ మార్చరు

అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ బల్బు వెలగలేదని గోడలు పగలగొట్టడు. బల్బు, హోల్డర్, స్విచ్, ఫ్యూజ్ అంటూ వరసగా టెస్టర్ పెట్టి చూస్తాడు. కరెంటు ఎక్కడి వరకూ వస్తోందో తెలిస్తే తెగిన చోటు తెలిసినట్టే. వర్చువల్ మెషిన్ విషయంలోనూ అదే క్రమం పనికొస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్, దానిలో ఉబుంటు లినక్స్, నాట్ ఏర్పాటు ఉన్నాయనుకుంటే అడగాల్సిన ప్రశ్నలు ఇవి.

మొదటి ప్రశ్న: హోస్ట్‌లో నెట్ ఉందా? లేకపోతే గెస్ట్‌ను తప్పుపట్టడం అనవసరం.

రెండో ప్రశ్న: తీగ కలిసి ఉందా? వర్చువల్ కార్డుకు వర్చువల్ తీగ కూడా ఉంటుంది. వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో ‘కేబుల్ కనెక్టెడ్’ అనే గడిలో టిక్ తీసేస్తే గెస్ట్‌కు తీగ పీకేసినట్టే.

మూడో ప్రశ్న: చిరునామా దొరికిందా? ఈ ఏర్పాటులో గెస్ట్‌కు సాధారణంగా 10.0.2.15 అనే ఐపీ అడ్రస్ వస్తుంది. గెస్ట్ విండోస్ అయి, 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాలేదనీ, మెషిన్ తనకు తానే ఒక తాత్కాలిక చిరునామా పెట్టుకుందనీ అర్థం. అక్కడితో ఆగి కార్డు, తీగ, డీహెచ్‌సీపీ మాత్రమే చూడాలి. బ్రౌజర్ సెట్టింగులు వెతకడం వృథా.

నాలుగో ప్రశ్న: గేటు దాకా వెళ్లగలుగుతోందా? నాట్‌లో ఆ గేట్‌వే చిరునామా 10.0.2.2.

అయిదో ప్రశ్న: గేటు దాటి వెళ్తోందా? 8.8.8.8 వంటి ప్రసిద్ధ బయటి చిరునామా నుంచి జవాబు వస్తే దారి బాగానే ఉందని తేలుతుంది.

ఆరో ప్రశ్న: పేర్లు అంకెలుగా మారుతున్నాయా? మనుషులు వెబ్‌సైట్ల పేర్లు గుర్తుపెట్టుకుంటారు, యంత్రాలకు మాత్రం అంకెల చిరునామా కావాలి. ఈ రెండింటినీ కలిపే పట్టిక లాంటిది డీఎన్ఎస్. అంకెల చిరునామాకు జవాబు వచ్చి, పేరుకు రాకపోతే తప్పు డీఎన్ఎస్‌లోనే ఉంది. హోస్ట్‌లో వీపీఎన్ మొదలుపెట్టినా, ఆపినా, ల్యాప్‌టాప్‌ను ఇంటి వైఫై నుంచి కళాశాల వైఫైకి మార్చినా గెస్ట్ ఒక్కోసారి పాత డీఎన్ఎస్ చిరునామానే పట్టుకుని ఉంటుంది.

ఏడో ప్రశ్న: పేరు కూడా దొరికింది, పేజీ మాత్రం రావడం లేదా? అప్పుడు ప్రాక్సీ, గడియారం, భద్రతా సర్టిఫికెట్ల వంటి పై అంతస్తుల వైపు చూడాలి.

ఈ ఏడు ప్రశ్నల్లో దేనికీ గొప్ప ప్రతిభ అవసరం లేదు. ప్రతి జవాబూ అనుమానితుల్లో కొందరిని పక్కకు తప్పిస్తుంది. చివరికి మిగిలేది ఒకటో రెండో కారణాలు. వాటిలోనూ ఒక్కొక్కటే మార్చి చూడాలి. ఒకేసారి మూడు సెట్టింగులు మార్చితే నెట్ వచ్చినా నేర్చుకున్నది ఏమీ ఉండదు.

కొలిచే పరికరాన్నీ అనుమానించాలి

శాస్త్రంలో మరో పాఠం కూడా ఇక్కడే దొరుకుతుంది. పరికరం చెప్పిందల్లా నిజం కాకపోవచ్చు. నెట్‌వర్క్ పరీక్షకు అందరూ వాడేది పింగ్. 1983లో అమెరికా సైన్యపు ప్రయోగశాలలో పనిచేసిన మైక్ మూస్ దీన్ని రాశారు. జలాంతర్గాములను కనిపెట్టే సోనార్ శబ్దాన్ని బట్టి ఆ పేరు పెట్టారు. శబ్దం పంపితే ప్రతిధ్వని వచ్చినట్టే, ఇక్కడ చిన్న సందేశం పంపితే అవతలి యంత్రం జవాబిస్తుంది.

అయితే పింగ్ వాడే సందేశాల రకం వేరు, వెబ్‌పేజీలు వాడే సందేశాల రకం వేరు. ఒకటి ఆగిపోయినా రెండోది నడవవచ్చు. లినక్స్‌లో ఎక్కువగా వాడే క్యూఈఎంయూ అనే వర్చువల్ యంత్ర వ్యవస్థలో ‘యూజర్ మోడ్’ నెట్‌వర్క్ ఏర్పాటు ఇందుకు మంచి ఉదాహరణ. దానిలో గేట్‌వేకు పంపిన పింగ్‌కు జవాబు వస్తుంది. బయటి ప్రపంచానికి పంపిన పింగ్‌కు మాత్రం తరచూ రాదు. అదే సమయంలో వెబ్‌పేజీలు నిక్షేపంగా తెరుచుకుంటాయి. పింగ్‌ను గుడ్డిగా నమ్మినవారు బాగున్న నెట్‌వర్క్‌ను బాగుచేయబోయి చెడగొడతారు. అందుకే ఒక పరీక్ష విఫలమైతే మరో రకం పరీక్షతో సరిచూసుకోవాలి.

గడియారం సంగతి ఇంకా విచిత్రం. వర్చువల్ మెషిన్‌ను ఉన్న స్థితిలోనే భద్రపరిచి కొన్ని వారాల తర్వాత తెరిస్తే, దానిలో సమయం సరిచేసుకునే ఏర్పాటు లేనప్పుడు గడియారం పాత తేదీ దగ్గరే ఉండిపోవచ్చు. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు చెల్లుబాటు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. నిన్నమొన్న జారీ అయిన సర్టిఫికెట్ పాత తేదీలో ఉన్న మెషిన్‌కు ‘ఇంకా పుట్టనిది’గా కనిపిస్తుంది. బ్రౌజర్ పేజీని తెరవనివ్వదు. ఉబుంటులో సాఫ్ట్‌వేర్ తాజా జాబితా తెచ్చుకోబోతే ‘ఇది ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అనే అర్థం వచ్చే సందేశం వస్తుంది. తీగలు, చిరునామాలు, డీఎన్ఎస్ అన్నీ బాగున్నా చూసేవారికి మాత్రం ‘నెట్ రావడం లేదు’. ఇక్కడ చేయాల్సిందల్లా తేదీ సరిచేయడమే.

‘బ్రిడ్జ్‌కు మార్చేయ్’ అనే సలహాలోని ప్రమాదం

నెట్ రాకపోతే బ్రిడ్జ్‌కు మార్చమన్న సలహా విద్యార్థుల మధ్య తరచూ వినిపిస్తుంది. ఇది కొన్నిసార్లు పనిచేయదు, పనిచేసిన కొన్నిసార్లు హాని చేస్తుంది.

పనిచేయకపోవడానికి కారణాలున్నాయి. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. సాధారణ వైఫై అనుసంధానంలో యాక్సెస్ పాయింట్ తన దగ్గర నమోదైన ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్‌నే గుర్తిస్తుంది. దాని వెనక మరో మ్యాక్‌తో వచ్చే గెస్ట్ సందేశాలను అంగీకరించదు. వర్చువల్‌బాక్స్ ఈ అడ్డంకిని కొంత యుక్తిగా దాటినా అన్ని కార్డులతో, అన్ని నెట్‌వర్క్‌లతో అది కుదరదు. తీగతో కలిపిన కొన్ని నెట్‌వర్క్‌లలో కూడా ఒక్కో పోర్టుకు ఒకే మ్యాక్ అన్న నిబంధన పెడతారు. ముందుగా నమోదైన మ్యాక్‌లకే అనుమతి ఇచ్చే హాస్టళ్లూ ఉంటాయి. ఇలాంటి చోట గెస్ట్‌ను పదిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం మారదు. ఎందుకంటే లోపం మెషిన్‌లో లేదు. అసలు అది లోపమే కాదు, నెట్‌వర్క్ నియమం.

ఒకే మెషిన్‌ను నకలు తీసి తరగతి అందరికీ పంచినప్పుడు మరో చిక్కు వస్తుంది. నకళ్లన్నింటికీ ఒకే మ్యాక్ ఉంటే బ్రిడ్జ్‌లో అవి ఒకదానితో ఒకటి తగువు పడతాయి. మ్యాక్ మార్చినా కొన్ని లినక్స్ రకాల్లో మెషిన్ లోపలి గుర్తింపు సంఖ్య పాతదే ఉండిపోయి, డీహెచ్‌సీపీ సర్వర్ అన్నింటికీ ఒకే చిరునామా ఇవ్వవచ్చు. నాట్‌లో మాత్రం రెండు గెస్ట్‌లకూ 10.0.2.15 కనిపించినా ప్రమాదం లేదు. ఎవరి గేటు వారిది, ఎవరి వాచ్‌మన్ వారికి. ఒకే రకం లక్షణం ఒక ఏర్పాటులో రోగం, మరో ఏర్పాటులో ఆరోగ్యం. కంఠస్థం చేసిన పరిష్కారాలు ఎందుకు బెడిసికొడతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక హాని సంగతి. సైబర్ భద్రత తరగతుల్లో మెటాస్ప్లాయిటబుల్ వంటి మెషిన్లు వాడతారు. దాడులు ఎలా జరుగుతాయో నేర్పడానికి వాటిలో భద్రతా లోపాలను కావాలనే ఉంచుతారు. వాటిని హోస్ట్-ఓన్లీ వంటి మూసిన నెట్‌వర్క్‌లోనే నడపాలి. నెట్ కోసం వాటిని బ్రిడ్జ్‌కు మార్చడమంటే తాళం లేని ఇంటిని తెచ్చి నడివీధిలో పెట్టడమే. ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా దానిలోకి చొరబడవచ్చు, అక్కడి నుంచి పక్క కంప్యూటర్ల మీదికి వెళ్లే ప్రయత్నమూ చేయవచ్చు.

ఇలాంటిదే డీహెచ్‌సీపీ సర్వర్ ప్రయోగం. దాన్ని బ్రిడ్జ్‌లో నడిపితే, రక్షణ ఏర్పాట్లు లేని ల్యాబ్‌లో పక్క కంప్యూటర్లు కూడా ఆ గెస్ట్ ఇచ్చే తప్పుడు చిరునామాలు తీసుకోవచ్చు. ఒక విద్యార్థి సెట్టింగ్ మార్పుతో గదిలో సగం మందికి నెట్ పోతుంది. కారణం వెతకడం ఎవరికీ నేర్పని ల్యాబ్‌లో ఆ రోజు క్లాసు అక్కడితో సరి.

సమయం ఎక్కడిదన్న ప్రశ్న

ఈ వాదనకు అధ్యాపకుల వైపు నుంచి న్యాయమైన అభ్యంతరం ఉంది. మూడు గంటల ల్యాబ్, నిండా విద్యార్థులు, పూర్తిచేయాల్సిన ప్రయోగాల జాబితా. ఒక్కొక్కరి నెట్ లోపాన్ని తీరికగా పరిశోధిస్తూ కూర్చుంటే అసలు పాఠం ఎప్పుడు చెప్పాలి? అన్నీ సిద్ధం చేసిన మెషిన్‌ను అందరికీ పంచేయడమే మేలు కదా?

సిద్ధం చేసిన మెషిన్ ఇవ్వడంలో తప్పు లేదు. డేటాబేస్ పాఠం రోజున నెట్‌వర్క్ గొడవ ఎవరికీ అక్కర్లేదు. కానీ సెమిస్టర్ మొత్తంలో ఒక్క ల్యాబ్‌నైనా లోపాలకే కేటాయించడం కష్టం కాదు. ముందే చెడగొట్టిన నాలుగు మెషిన్లు ఇవ్వవచ్చు. ఒకదానిలో వర్చువల్ తీగ పీకి, మరొకదానిలో డీఎన్ఎస్ చిరునామా తప్పుగా రాసి, మూడోదానిలో తేదీ వెనక్కి తిప్పి, నాలుగోదాన్ని హోస్ట్-ఓన్లీలో పెట్టి ఇస్తే చాలు. అదనపు పరికరం ఒక్కటీ కొనక్కర్లేదు. చెడిపోతే పాత స్థితికి తెచ్చుకునే స్నాప్‌షాట్ సౌకర్యం ఉంది కాబట్టి భయమూ లేదు. భౌతిక శాస్త్ర ప్రయోగశాలలో ఇంత చవకగా, ఇంత నిర్భయంగా తప్పు చేయగలిగే వీలు దొరకదు.

మార్కులు ఎలా ఇస్తారన్నది అంతకన్నా ముఖ్యం. ‘నెట్ వచ్చిందా’ అన్నదానికే మార్కులు ఇస్తే విద్యార్థి దగ్గరి దారి వెతుక్కుంటాడు. ఏం అనుమానించారు, ఏ పరీక్ష చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది అన్న నాలుగు గడులు రికార్డు పుస్తకంలో ఉంటే, నెట్ రాకపోయినా సరైన దారిలో వెతికినవారికి సగం మార్కులైనా దక్కాలి. ఈ రోజుల్లో కమాండ్లు ఇచ్చే పనిని కృత్రిమ మేధ సహాయకులు క్షణాల్లో చేస్తున్నాయి. కానీ లక్షణాన్ని సరిగా గమనించి చెప్పకపోతే అవి కూడా ఊహాగానాల చిట్టాయే ఇస్తాయి. ‘నెట్ రావడం లేదు’ అని అడిగినవారికీ, ‘అంకెల చిరునామా చేరుతోంది, పేరు మాత్రం దొరకడం లేదు’ అని అడిగినవారికీ వచ్చే జవాబుల్లో చాలా తేడా ఉంటుంది.

భాష సంగతీ విస్మరించకూడదు. మెషిన్ ఇచ్చే లోప సందేశాలు దాదాపు ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి ‘టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్’ అన్న వాక్యాన్ని కేవలం ‘ఏదో ఎర్రర్’గా చూసి దాటేసే ప్రమాదం ఉంది. నిజానికి ఆ వాక్యమే జవాబు. పేరును చిరునామాగా మార్చడం ప్రస్తుతానికి కుదరలేదని అది సూటిగా చెబుతోంది. తరచూ కనిపించే పది పన్నెండు సందేశాలకు తెలుగులో అర్థం, ప్రతి దానికీ ముందు చూడాల్సిన చోటు రాసి ల్యాబ్ గోడకు అంటించడానికి ఒక పూట చాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలల్లో ఆ పని సీనియర్ విద్యార్థులే చేయగలరు. హిందీ, తమిళం, ఒడియా మాట్లాడే ప్రాంతాల్లోనూ అదే చేయవచ్చు.

ఈ నేర్పు ఉద్యోగంలో మొదటి రోజు నుంచీ పనికొస్తుంది. క్లౌడ్ సేవల్లో అద్దెకు దొరికే సర్వర్లలో అత్యధికం వర్చువల్ మెషిన్లే. రేపు ఒక ఆసుపత్రి రికార్డుల వ్యవస్థో, పరీక్ష ఫలితాల సైటో అలాంటి సర్వర్ మీద ఆగిపోతే, దాన్ని తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూద్దామనే వీలు ఉండదు. ఎక్కడిదాకా పనిచేస్తోంది, ఎక్కడ ఆగింది అని వరసగా అడగగలిగిన ఇంజనీరే అక్కడ కావాలి. ఆ ఇంజనీరు తయారవ్వాల్సింది ల్యాబ్‌లోనే. వచ్చే సెమిస్టర్ ప్రయోగాల జాబితాలో చెడగొట్టిన నాలుగు మెషిన్లను చేర్చడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.